బర్టన్ నీళ్లు రేణిగుంటలో దొరుకుతాయా? బీరు కోసం పాతకాలపు నీళ్లను మళ్లీ తయారు చేసే లెక్క

(ఇది వీడియో ఎపిసోడ్‌కి రాతప్రతి. మాటల్లో దొర్లిన తడబాట్లు తీసేసి, చదవడానికి వీలుగా మధ్యలో చిన్న శీర్షికలు పెట్టాం.)

ఈరోజు కూడా మన సబ్జెక్ట్ నీళ్లే. కాకపోతే ఈసారి కొంచెం వేరే దారిలో వెళ్తున్నాం. బీరు తయారీలో వాడే నీళ్ల గురించి మాట్లాడుకుందాం. తాగే అలవాటు లేనివాళ్లు వీడియో ఆపేయకండి. ఇందులో బీరు పావు వంతు, మన ఇంటి నీళ్లు ముప్పావు వంతు.

ముందే ఒక మాట. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారు చేయడం మన రాష్ట్రంలో ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. నేను చెప్పేది నీళ్ల లెక్క. ఆ లెక్కతో కాఫీ పెట్టుకోవచ్చు, పప్పు ఉడికించుకోవచ్చు. బీరు మాత్రం లైసెన్సు ఉన్నవాళ్ల పని.

రెండు సీసాలు

మా మేనల్లుడు ఒకడు బెంగళూరులో ఒక మైక్రోబ్రూవరీలో పనిచేస్తాడు. 2010 ప్రాంతం నుంచి బెంగళూరులో ఇలాంటివి చాలా వచ్చాయి కదా, హోటల్లోనే ట్యాంకులు పెట్టి అక్కడే బీరు తయారు చేసి అక్కడే పోస్తారు. మొన్న సెలవులకి రేణిగుంట వచ్చినప్పుడు వాడు రెండు సీసాలు తెచ్చాడు. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో బీరు.

"మామా, బర్టన్ నీళ్ల లెక్క పట్టుకుని అంతా గ్రాముల్లో తూచి వేసినా. వెయ్యి లీటర్లు. అయినా తాగితే నాలుక మీద సుద్దముక్క పెట్టినట్టు ఉండాది. మొత్తం కాలవలో పోసేసినాం," అన్నాడు.

వెయ్యి లీటర్ల బీరు కాలవలో పోయిందంటే డబ్బు ఒక్కటే కాదండి. ఒక లీటరు బీరు కావాలంటే కడగడానికి, చల్లబరచడానికి అన్నీ కలిపి దానికి ఎన్నో రెట్లు నీళ్లు పోతాయి. ట్యాంకర్ నీళ్ల మీద బతికే ఊళ్లో అది చిన్న విషయం కాదు. వాడి ఉద్యోగం కూడా కొంచెం ఊగింది. అందుకే వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను: తప్పు తూకంలో లేదు, తూకం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడంలో ఉంది.

మినరల్స్ లేని మినరల్ వాటర్

మన రేణిగుంటలో ఏ వీధిలో చూసినా ఒక వాటర్ ప్లాంటు ఉంటుంది. 20 లీటర్ల క్యాన్. "మినరల్ వాటర్ ఒకటి వేయప్పా" అంటాం. నిజానికి ఆ ప్లాంటు చేసే పనేంటి? బోరు నీళ్లను ఆర్వో పొరలోంచి నెట్టి, అందులో ఉన్న మినరల్స్‌ని చాలా వరకు తీసేయడం. అంటే మనం మినరల్ వాటర్ అని పిలిచేది మినరల్స్ తీసేసిన నీళ్లు! నీళ్లు ఉప్పగా ఉన్నా, ఫ్లోరైడ్ ఎక్కువున్నా తీయక తప్పదు, దాన్ని తప్పుపట్టట్లేదు. పేరు ఒకటి, వస్తువు ఇంకొకటి అని చెబుతున్నానంతే.

బీరు చేసేవాళ్లకి ఈ ఖాళీ నీళ్లు చాలా విలువైనవి. తెల్ల కాగితం లాంటివి. దాని మీద ఏ ఊరి నీళ్లయినా మళ్లీ రాసుకోవచ్చు. ఇంగ్లండ్‌లోని బర్టన్, చెక్ దేశంలోని పిల్సెన్, జర్మనీలోని మ్యూనిక్, ఐర్లండ్‌లోని డబ్లిన్, ఇలా ఒక్కో ఊరి పాత నీళ్ల లెక్కని 'వాటర్ ప్రొఫైల్' అంటారు.

ఆరు అంకెలు

ప్రొఫైల్ అంటే ముఖ్యంగా ఆరు అంకెలు. కాల్షియం, మెగ్నీషియం, సోడియం ఒక వైపు. సల్ఫేట్, క్లోరైడ్, బైకార్బనేట్ ఇంకో వైపు. అన్నీ లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు అని చెబుతారు.

కాల్షియం బీరు తేటపడటానికి, ఈస్టు అడుగున చక్కగా పేరుకోవడానికి పనికొస్తుంది. మెగ్నీషియం ఈస్టుకి కొంచెం కావాలి, ఎక్కువైతే చేదు, కడుపు కదులుతుంది. సోడియం కొద్దిగా ఉంటే రుచి నిండుగా ఉంటుంది, ఎక్కువైతే ఉప్పదనం. సల్ఫేట్ హాప్స్ చేదుని పదునుగా, పొడిగా నిలబెడుతుంది. క్లోరైడ్ మాల్ట్ తియ్యదనాన్ని గుండ్రంగా చేస్తుంది. పాయసంలో చిటికెడు ఉప్పు వేస్తే తీపి ఇంకా తెలుస్తుంది చూడండి, అలాంటిదే. బైకార్బనేట్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వద్దాం. అసలు దొంగ అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. చాలామంది ఇంట్లో పెన్ను లాంటి టీడీఎస్ మీటర్ ఉంటుంది. అది మొత్తం సుమారుగా ఎంతో చెబుతుంది, లోపల ఏముందో చెప్పదు. సంచి బరువు చెబుతుంది గానీ, అందులో బియ్యం ఉన్నాయా కంకర ఉందా చెప్పదు. జిప్సం కలిపిన నీళ్లూ 500 చూపించొచ్చు, వంటసోడా కలిపిన నీళ్లూ 500 చూపించొచ్చు. బీరుకి ఆ రెండూ తూర్పు, పడమర. అందుకే ల్యాబ్ రిపోర్టు తప్పనిసరి.

మద్రాసుకు వచ్చిన బర్టన్ బీరు

ఇంతకీ బర్టన్ నీళ్లకి అంత పేరు ఎందుకొచ్చింది? ఆ కథలో మనమూ ఉన్నాం.

ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఇక్కడి తెల్లవాళ్లకి ఓడల మీద బీరు వచ్చేది. కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవుల్లో దిగేది. మన చిత్తూరు, తిరుపతి ప్రాంతం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర ఆర్కాటు జిల్లా. చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది 1911లో. అంటే మన వైపు కంటోన్మెంటుల్లో, కచేరీ దొరల బంగళాల్లో తాగిన బీరు మద్రాసు రేవు నుంచి వచ్చిందే.

మొదట్లో ఆ వ్యాపారంలో పెద్ద పేరు లండన్‌లో బో అనే చోట ఉన్న హాడ్జ్‌సన్ బ్రూవరీది. 1820ల మొదట్లో హాడ్జ్‌సన్ వాళ్ల ధోరణి నచ్చక, కంపెనీ డైరెక్టరు ఒకాయన బర్టన్‌లో బీరు చేసే శామ్యూల్ ఆల్సప్‌ని పిలిచి, ఇండియాకి పంపే లేత రంగు బీరు మీరు చేయగలరా అని అడిగాడు. ఆల్సప్ చేశాడు. అది లండన్ బీరు కంటే ఇంకా తేటగా, చేదు పదునుగా వచ్చింది. తర్వాత బాస్ లాంటి బర్టన్ కంపెనీలూ అదే బాట పట్టాయి. మనం ఇవాళ ఐపీఏ, ఇండియా పేల్ ఏల్ అంటున్నది ఆ బీరు వారసత్వమే.

ఆ పదునుకి కారణం బర్టన్ కింద ఉన్న జిప్సం పొరలు. అక్కడి బ్రూవరీలు ట్రెంట్ నది నీళ్లు కాకుండా బావుల నీళ్లు వాడేవి. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్. మన రైతులకి చెప్పక్కర్లేదు, వేరుశనగ ఊడలు దిగే సమయంలో చేలో వేసేది అదే. కాయ గట్టిపడటానికి. అదే జిప్సం బర్టన్‌లో భూమి లోపలే కలిసి వచ్చేది.

కారణం అదేనని తేల్చి, ఎక్కడి నీళ్లకైనా జిప్సం కలిపి బర్టన్ నీళ్లలా మార్చొచ్చని 1878లో సి. డబ్ల్యూ. విన్సెంట్ అనే రసాయన శాస్త్రవేత్త చూపించాడు. ఆ పనికి 'బర్టనైజేషన్' అనే పేరే పడిపోయింది. అప్పటి నుంచి ఊరు కదలకుండానే నీళ్లు కదలడం మొదలైంది.

ఇక వేరే ఊళ్లు. పిల్సెన్ నీళ్లు దాదాపు వాన నీళ్లంత మెత్తన. 1842లో యోసెఫ్ గ్రోల్ అక్కడ చేసిన బంగారు రంగు లాగర్, ఆ మెత్తని నీళ్లతో కలిసి పిల్స్‌నర్‌గా పేరు తెచ్చుకుంది. మ్యూనిక్, డబ్లిన్ నీళ్లలో బైకార్బనేట్ ఎక్కువ, అక్కడ నల్లని బీర్లు బాగా కుదిరాయి. ఆ ఊళ్ల వాళ్లు కావాలని ఎంచుకున్నది కాదు. ఉన్న నీళ్లకి ఏ బీరు కుదిరిందో అదే ఆ ఊరి బీరు అయింది.

బావిలో నీళ్లా, గిన్నెలో నీళ్లా?

ఇప్పుడు అసలు విషయం. బర్టన్ నీళ్లకి తరచుగా కనిపించే లెక్క ఒకటి చెబుతాను: కాల్షియం 275, మెగ్నీషియం 40, సోడియం 25, సల్ఫేట్ 610, క్లోరైడ్ 35, బైకార్బనేట్ 270. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, వేరే నీళ్లు దొరకని చోట కూడా సల్ఫేట్ 400 దాటకూడదు. అంటే ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆ నీళ్లు మన ల్యాబులో తాగునీరుగా ఫెయిల్!

మా మేనల్లుడు ఈ ఆరు అంకెల్నీ యథాతథంగా తీసుకున్నాడు. బైకార్బనేట్ 270 ఉండాలి కదా అని, ఆ అంకె కోసం వెయ్యి లీటర్లకి వంటసోడా 370 గ్రాములు వేశాడు. అక్కడే దెబ్బ పడింది.

ఎందుకో చూడండి. ఆ అంకెలు బావిలోంచి తోడిన నీళ్లవి. బీరు చేసేవాళ్లు నీళ్లని ముందు కాచేవాళ్లు. కాస్తే ఏమవుతుంది? మన ఇంట్లో రోజూ చూసేదే. బోరు నీళ్లు కాగబెట్టిన గిన్నె అడుగున తెల్లటి పొర పడుతుంది కదా, గీజర్‌లో కాయిల్ మీద పెచ్చు కడుతుంది కదా, అదే. కాల్షియం, బైకార్బనేట్ కలిసి సుద్దగా మారి అడుగున పడిపోతాయి. బర్టన్ నీళ్లని కాస్తే బైకార్బనేట్ 270 నుంచి 80 దగ్గరికి దిగుతుంది, దాంతో పాటు కాల్షియం కూడా 275 నుంచి సుమారు 210కి తగ్గుతుంది. సల్ఫేట్ మాత్రం కదలదు.

కాబట్టి బీరులోకి వెళ్లిన నీళ్లు వేరు, పుస్తకంలో ఉన్న నీళ్లు వేరు. మనం నకలు తీయాల్సింది ఊరి నీళ్లని కాదు, బ్రూవర్ గిన్నెలో ఉన్న నీళ్లని. ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి.

ఈ పెచ్చు సంగతి రేణిగుంటకి కొత్త కాదు. అరక్కోణం నుంచి మద్రాసు రైల్వే లైను 1862లో రేణిగుంట చేరింది. ఆవిరి ఇంజన్లు నడిచినన్నాళ్లూ నీళ్లే పెద్ద సమస్య. బాయిలర్ గొట్టాల్లో పెచ్చు కడితే వేడి ఎక్కదు, బొగ్గు ఎక్కువ కాలుతుంది, చివరికి గొట్టం చెడిపోతుంది. ఇంజను డ్రైవరుకైనా బీరు చేసేవాడికైనా శత్రువు ఒకటే: బైకార్బనేట్.

పప్పు ఉడకని నీళ్లు, పీహెచ్ గొడవ

ఇంత గొడవ ఎందుకు చేస్తుంది ఈ బైకార్బనేట్? బీరు తయారీలో మొదటి మెట్టు చూద్దాం. బార్లీని మొలకెత్తించి ఎండబెట్టి వేయిస్తే మాల్ట్. మనం రాగులతో చేసే మాల్ట్ లాంటిదే. దాన్ని పిండిగా కాకుండా బరకగా పగలగొట్టి, సుమారు 65 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు నానబెడతారు. చూడటానికి పల్చటి అంబలిలా ఉంటుంది. దీన్నే మాష్ అంటారు. గింజలోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి.

ఆ ఎంజైములు బాగా పనిచేయాలన్నా, గింజ పొట్టులోంచి వగరు దిగకుండా ఉండాలన్నా మాష్ పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్య ఉండాలి. అన్నట్టు ఈ పీహెచ్ కొలత పుట్టిందే బీరు కంపెనీ ల్యాబులో. 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ల్యాబొరేటరీలో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు.

కాల్షియం, మెగ్నీషియం మాల్ట్‌లోని ఫాస్ఫేట్‌తో కలిసి పులుపుని విడుదల చేస్తాయి, పీహెచ్‌ని కిందికి లాగుతాయి. బైకార్బనేట్ ఆ పులుపుని మింగేసి పీహెచ్‌ని పైకి నెడుతుంది. తాడాట లాంటిది. ఎవరు గెలుస్తారో చెప్పే లెక్కని 1953లో పాల్ కోల్బాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇచ్చాడు. క్షారత్వంలోంచి కాల్షియంలో మూడున్నరో వంతు, మెగ్నీషియంలో ఏడో వంతు తీసేయాలి. అన్నీ ఈక్వివలెంట్లలోకి మార్చుకున్నాకే ఆ తీసివేత. మిగిలిందే 'రెసిడ్యువల్ ఆల్కలినిటీ', మనం మిగులు క్షారత్వం అందాం. అది సున్నా దగ్గరగానో మైనస్‌లోనో ఉంటే లేత రంగు బీర్లకి మంచిది. ఎక్కువగా ఉంటే నల్లగా వేయించిన మాల్ట్ కావాలి, ఎందుకంటే బాగా వేగిన మాల్ట్‌కి సొంతంగా పులుపు ఉంటుంది, అది క్షారాన్ని తట్టుకుంటుంది. మ్యూనిక్, డబ్లిన్ రహస్యం ఇదే.

వంటింట్లో పోలిక చెప్పాలంటే, బోరు నీళ్లలో పప్పు ఉడకదు అంటారు మనవాళ్లు. దానికి కారణం కాల్షియం, మెగ్నీషియం. పప్పు గోడల్ని అవి గట్టిగా పట్టి ఉంచుతాయి. అప్పుడు చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడుతుంది. పప్పుకి వంటసోడా మందు. లేత రంగు మాష్‌కి అదే వంటసోడా విషం.

ఎక్కడ మొదలుపెట్టాడు?

ఇప్పుడు మావాడు తెచ్చిన నీళ్ల సీసా సంగతి. అవి వాళ్ల ట్యాంకర్ నీళ్లు. ల్యాబు రిపోర్టు: కాల్షియం 80, మెగ్నీషియం 30, సోడియం 70, క్లోరైడ్ 120, సల్ఫేట్ 40, బైకార్బనేట్ 340. మన దక్షిణాదిలో చాలా బోర్లలో కనిపించే రకమే.

"నీళ్లలో ముందే ఏముందో చూసుకున్నావా?" అని అడిగాను.

"లేదు మామా. నీళ్లు నీళ్లే కదా అనుకున్నా."

అంటే సున్నా నుంచి మొదలుపెట్టిన లెక్కని, అప్పటికే నిండుగా ఉన్న నీళ్ల మీద వేశాడు. 340 ఉన్న బైకార్బనేట్‌కి వంటసోడాతో ఇంకో 270 కలిసి 610 దాకా వెళ్లింది. సోడియం 70 నుంచి 170కి పోయింది. జిప్సం వేసినా అంత క్షారాన్ని అది గుంజలేకపోయింది. మాష్ పీహెచ్ 5.9 దాటింది. పొట్టు వగరు దిగింది, హాప్స్ చేదు గరుకుగా మారింది. సుద్దముక్క రుచి అంటే ఇదే.

20 లీటర్ల క్యాన్ లెక్క

సరే, ఎలా చేయాలి? ముందు మన 20 లీటర్ల క్యాన్‌తో లెక్క నేర్చుకుందాం. క్యాన్‌లో ఆర్వో నీళ్లు, అన్నీ సున్నా అనుకుందాం.

అందులో ఒక గ్రాము జిప్సం వేస్తే కాల్షియం దాదాపు 12, సల్ఫేట్ 28 పెరుగుతాయి. ఒక గ్రాము కాల్షియం క్లోరైడ్ వేస్తే కాల్షియం 14 దాకా, క్లోరైడ్ 24 పెరుగుతాయి. ఒక గ్రాము ఎప్సమ్ సాల్ట్, అంటే మన భేది ఉప్పు వేస్తే మెగ్నీషియం 5, సల్ఫేట్ 19 పెరుగుతాయి. ఒక గ్రాము వంటసోడా వేస్తే సోడియం 14 దాకా, బైకార్బనేట్ 36. ఈ నాలుగు వరుసలు రాసుకుంటే చాలు, మిగతాదంతా కూడిక.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఏది వాడినా తినడానికి పనికొచ్చే గ్రేడ్ కావాలి. చేనుకి వేసే జిప్సం సంచి తెచ్చి నీళ్లలో కలపకండి. రెండు, సుద్ద పొడి వేసి బైకార్బనేట్ పెంచాలని చూడకండి. సుద్ద మామూలు నీళ్లలో కరగదు, అడుగున కూర్చుంటుంది. భూమి లోపల కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీళ్లు దాన్ని కరిగిస్తాయి, మన బకెట్‌లో ఆ సౌకర్యం లేదు.

ఇప్పుడు మావాడి ట్యాంకు. ఒక పాలు ట్యాంకర్ నీళ్లు, నాలుగు పాళ్లు ఆర్వో నీళ్లు కలపమన్నాను. అప్పుడు అంకెలన్నీ ఐదో వంతుకి దిగుతాయి: కాల్షియం 16, మెగ్నీషియం 6, సోడియం 14, క్లోరైడ్ 24, సల్ఫేట్ 8, బైకార్బనేట్ 68. దీనికి వెయ్యి లీటర్లకి జిప్సం 450 గ్రాములు, కాల్షియం క్లోరైడ్ 50 గ్రాములు. కలిపి చూస్తే కాల్షియం 135, సల్ఫేట్ 260 దగ్గర, క్లోరైడ్ 48, బైకార్బనేట్ 68. మిగులు క్షారత్వం మైనస్‌లోకి వెళ్లింది. వంటసోడా ఒక్క గ్రాము కూడా లేదు.

గమనించారా, సల్ఫేట్ 610 దాకా పోలేదు. కావాలనే ఆపాను. 600 దగ్గర బీరులో అగ్గిపుల్ల వెలిగించిన వాసన రావొచ్చు. బర్టన్ బీరుకి ఆ గంధకపు వాసన పెట్టింది పేరు, అక్కడివాళ్లకి అలవాటు. మన కస్టమర్‌కి అవసరం లేదు. బర్టన్ గుణం కావాలి, బర్టన్ అంకె కాదు. 250, 300 మధ్యలో ఆ పదును చక్కగా తెలుస్తుంది.

ఆర్వో కాకుండా వేరే దారులు

ఇక్కడ మనసులో ఒక ముల్లు ఉంది. ఆర్వో ప్లాంటు మంచి నీళ్లు ఇచ్చే కొద్దీ ఒక పక్క ఉప్పు నీళ్లు వదులుతూనే ఉంటుంది. మన వీధి ప్లాంటు వెనక కాలవ చూస్తే తెలుస్తుంది. కరువు సీమలో పుట్టిన మనం, ఎక్కడో ఇంగ్లండ్ బావి కోసం ఇన్ని నీళ్లు పారబోయడం సరేనా?

కాబట్టి వేరే దారులూ చూడాలి. మొదటిది కాచడం. పాతవాళ్ల పద్ధతి, కానీ గ్యాసు ఖర్చు. పైగా బైకార్బనేట్‌కి జోడీగా సరిపడా కాల్షియం ఉంటేనే పనిచేస్తుంది. చౌడు నేలల వైపు కొన్ని బోర్లలో కాల్షియం తక్కువ, సోడియం ఎక్కువ ఉంటుంది. వాటిని ఎంత కాచినా క్షారం పోదు.

రెండోది సున్నం. 1841లో స్కాట్లండ్‌కి చెందిన థామస్ క్లార్క్ పేటెంట్ తీసుకున్న పద్ధతి. నీళ్లలో లెక్క ప్రకారం సున్నపు తేట కలిపితే కాల్షియం బైకార్బనేట్ సుద్దగా మారి అడుగున పడుతుంది. సున్నం వేస్తే సున్నం పోవడం వింతగా ఉంటుంది గానీ నిజం. పొయ్యి అక్కర్లేదు, కానీ పీహెచ్ మీటరు, ఓపిక కావాలి.

మూడోది ఆమ్లం. లాక్టిక్ ఆమ్లం, అంటే పెరుగులో ఉండే పులుపే. మావాడి నీళ్లలో బైకార్బనేట్‌ని 340 నుంచి 68కి దించాలంటే వెయ్యి లీటర్లకి 88 శాతం లాక్టిక్ ఆమ్లం దాదాపు 380 మిల్లీలీటర్లు పడుతుంది. నీళ్లు వృథా కావు. కానీ అంత వేస్తే బీరులో పులుపు జాడ తెలిసే అంచుకి వస్తాం, పైగా క్లోరైడ్ 120 అలాగే ఉండిపోతుంది. కొంచెం సరిదిద్దడానికైతే బాగుంటుంది.

నాలుగో దారి నాకు బాగా ఇష్టమైనది. నీళ్లని మార్చడం కాకుండా బీరుని మార్చడం. "ఐపీఏ ఒక్కటే ఎందుకురా? సగం ట్యాంకర్ నీళ్లు, సగం ఆర్వో పెట్టి నల్ల బీరు చేసి చూడు," అన్నాను. అప్పుడు బైకార్బనేట్ 170 ఉంటుంది, వేయించిన మాల్ట్ పులుపుకి అది సరిజోడు. ఆర్వో నీళ్లు నాలుగు పాళ్లకి బదులు సగమే కావాలి. డబ్లిన్ వాళ్లు చేసిందీ అదే కదా, తమ నీళ్లతో రాజీపడటం.

చూసినవాళ్ల ప్రశ్నలు

కిందటి ఎపిసోడ్‌లో ఈ సబ్జెక్ట్ చెబుతానంటే కొందరు ముందే ప్రశ్నలు పంపారు.

వాన నీళ్లు వాడొచ్చా? లెక్క ప్రకారం వాన నీళ్లు ఆర్వో లాంటివే, మినరల్స్ బాగా తక్కువ. కానీ మిద్దె మీద దుమ్ము, పక్షుల రెట్టలు కలుస్తాయి. వడకట్టి, శుద్ధి చేసి, పరీక్ష చేయించాకే.

మున్సిపల్ కొళాయి నీళ్లు? ముందు క్లోరిన్ పోగొట్టాలి. క్లోరిన్ మాల్ట్‌తో కలిస్తే బీరులో ఆసుపత్రి వాసన వస్తుంది, చాలా కొంచెం ఉన్నా తెలుస్తుంది. కార్బన్ ఫిల్టర్ వాడతారు. ఇంకోటి, కొళాయిలో ఇవాళ డ్యామ్ నీళ్లు, ఎండాకాలంలో బోరు నీళ్లు రావొచ్చు. జనవరి రిపోర్టు పట్టుకుని మే నెలలో ఉప్పులు తూచకండి.

బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడొచ్చా? మినరల్స్ ఉండవు నిజమే, కానీ అది తాగడానికి ప్యాక్ చేసింది కాదు. వద్దు.

ఇంట్లో కాఫీకి ఈ లెక్క పనికొస్తుందా? బ్రహ్మాండంగా. ఇంట్లో కాఫీ కొన్నిసార్లు చప్పగా ఎందుకు వస్తుందో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. బైకార్బనేట్ ఎక్కువున్న బోరు నీళ్లు కాఫీలో పులుపుని చంపేస్తాయి. ఒక గ్లాసు ఆర్వో, ఒక గ్లాసు బోరు, ఒక గ్లాసు సగం సగం పెట్టి మూడు కాఫీలు కలిపి తాగి చూడండి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, నైట్రేట్ లేవని రిపోర్టు ఉంటేనే సుమా.

చివరగా

మొన్న మావాడు ఫోన్ చేశాడు. పేల్ ఏల్ మాష్ పీహెచ్ 5.4 వచ్చిందట. "సుద్ద రుచి పోయింది మామా. నల్ల బీరు కూడా పెట్టినా, వచ్చే నెల తెరుస్తాం. ఈసారి ముందు రిపోర్టు చూసినాకే తక్కెడ ముట్టుకున్నా," అన్నాడు. ఆ చివరి మాట నాకు చాలు.

పాత నీళ్లని మళ్లీ తయారు చేయడం అంటే పాత అంకెల్ని కాపీ కొట్టడం కాదు. ఆ రోజుల్లో వాళ్లు ఆ నీళ్లతో ఏం చేశారో తెలుసుకోవడం ఒకటి, మన చేతిలో ఉన్న నీళ్లలో ముందే ఏముందో తెలుసుకోవడం ఇంకొకటి. రెండోది మరిచిపోతే మొదటిది పనికిరాదు. బీరు చేయకపోయినా సరే, ఏడాదికి రెండుసార్లు, వానల ముందొకసారి, తర్వాతొకసారి మీ బోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆర్వో ప్లాంటు వదిలే ఉప్పు నీళ్లని ఏం చేయొచ్చో మాట్లాడుకుందాం. ప్రశ్నలుంటే పంపండి. అంతవరకు సెలవు. నమస్కారం.